ఆరేనాస్‌ని వదిలెయ్యకండి: జైలు ఉత్తరాల నుంచి ‘మారియెల్’ పత్రిక దాకా

మీ ప్రశ్న నాకెలా అర్థమైందో ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నారు. అంశం, అమెరికాకి వలసవెళ్ళిన ఒక క్వీర్ (అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషులు వంటివాళ్ళు) లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) రచయిత సాహిత్యమూ, తనవాళ్ళ మధ్య చేసిన కళాకృషీ. క్యూబా రచయిత రెయ్‌నాల్డో ఆరేనాస్‌ని అనుకున్నారు. మీ గైడు గారేమో “ఆయన ఒంటిపిల్లి రాకాసి లాంటి మనిషి, కమ్యూనిటీ ఆర్ట్స్ అని చెప్పుకోడానికి ఏం చేశాడు, ఇంకొకర్ని చూసుకో” అన్నారు. ఆరేనాస్‌ని ఉంచాలా, తీసెయ్యాలా అన్నది మొదటి ప్రశ్న. ఆయన పుస్తకాల నిండా ఉన్న తిట్టుమాటల్ని తెలుగులో ఏం చెయ్యాలన్నది రెండోది.

ఉంచండి. అయితే మీరు ఆయన మీద వచ్చిన సినిమా చూసి, ఆత్మకథ ఇంగ్లీషులో సగం చదివి వచ్చానన్నారు కదా, చిక్కంతా అక్కడే. ఆ రెండూ కలిసి ఆయన్ని బాధలు పడి చచ్చిపోయిన మనిషిగా నిలబెట్టేశాయి. చేసిన పని వెనక్కి పోయింది.

నేను ప్రొఫెసర్ని కాను. న్యూజెర్సీలో ఒక పబ్లిక్ లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మాకు దగ్గర్లోనే యూనియన్ సిటీ. క్యూబా నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది స్థిరపడ్డారంటే దానికి ‘హడ్సన్ ఒడ్డున హవానా’ అని పేరు. స్పానిష్ నేను బళ్ళో నేర్చుకోలేదు, కౌంటరు దగ్గర నేర్చుకున్నాను. సాయంత్రాలు వలసవచ్చినవాళ్ళకి రాత తరగతి నడిపేదాన్ని. అందుకని నేను చెప్పేది సిద్ధాంతం తక్కువ, సంగతులు ఎక్కువ.

ఆరేనాస్ 1943లో క్యూబా తూర్పుభాగంలో ఓల్గీన్ దగ్గర పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి వదిలేసి పోయాడు, తాతగారింట్లో పేదరికంలో పెరిగాడు. ఇరవై ఏళ్ళ వయసులో హవానాలోని జాతీయ గ్రంథాలయం కథలు చెప్పేవాళ్ళ కోసం పోటీ పెడితే, వేరేవాళ్ళ కథ ఎందుకని సొంతంగా ఒకటి రాసుకుపోయి చెప్పాడు. అది నచ్చి అక్కడే ఉద్యోగం ఇచ్చారు. లైబ్రరీ మనిషిని కాబట్టి నాకీ ముక్క ప్రత్యేకంగా ఇష్టం. గొంతెత్తి పదిమందికి కథ చెప్పడంతో మొదలైన రచయిత ఆయన. 1967లో వచ్చిన మొదటి నవలలో సెలెస్తీనో అనే కుర్రాడు చెట్ల మానుల మీద పద్యాలు చెక్కుతుంటాడు, తాత గొడ్డలి పట్టుకుని ఆ చెట్లన్నీ నరుక్కుంటూ వస్తాడు. ఆయన బతికుండగా క్యూబాలో అచ్చయిన పుస్తకం అదొక్కటే. రెండో నవల రాతప్రతిని స్నేహితులు దొంగచాటుగా దేశం దాటిస్తే 1968లో ముందు ఫ్రెంచి అనువాదంగా బయటికొచ్చింది. అనుమతి లేకుండా బయట అచ్చు వేయించుకోవడం నేరం, ఆ పైన మగవాళ్ళని ప్రేమించే మనిషి. ప్రభుత్వానికి ఆయన మీద రెండు ఫైళ్ళు తెరుచుకున్నట్టయింది.

1974లో అరెస్టు నుంచి తప్పించుకుని హవానా బయట లెనిన్ పార్కులో దాక్కున్నాడు. చెట్ల మధ్య, చేతిలో గ్రీకు కావ్యం ఇలియడ్. చీకటి పడితే రాయడానికి దీపం ఉండదు కనుక పొద్దు వాలేలోపు రాయాలి. ఆత్మకథ పేరు ‘చీకటి పడకముందే’ అక్కడిది. చాలామంది అది చావుని ఉద్దేశించి పెట్టిన పేరనుకుంటారు. అదీ ఉంది, కానీ మొదటి అర్థం మాత్రం వెలుతురు అయిపోతోంది, త్వరగా రాయాలి అన్నదే.

దొరికిపోయాక ఎల్ మోర్రో కోటలో జైలు. మీ సిద్ధాంత వ్యాసానికి అసలు ద్వారం ఇక్కడుంది, మీరు సగంలో ఆపేశారు కాబట్టి బహుశా ఇంకా చేరుకోలేదు. ఆ కోటలో ఆయన రచయిత అని తెలిశాక తోటి ఖైదీలు భార్యలకీ, ప్రియురాళ్ళకీ, తల్లులకీ ఉత్తరాలు రాసిపెట్టమని చుట్టూ మూగారు. హంతకులు, దొంగలు. జీతం సిగరెట్లు. జైల్లో సిగరెట్టే డబ్బు. ఆయన అక్కడ తన సొంత సాహిత్యం రాయలేకపోయాడు, ఇంకొకరి ప్రేమని ఇంకొకరి గొంతుతో రాశాడు.

మా చిన్నప్పుడు పోస్టాఫీసు అరుగు మీద కార్డుముక్కలు రాసిపెట్టే ఆయన ఒకడుండేవాడు. ‘క్షేమం, క్షేమమని తలుస్తాను’ దాకా తనంతట తనే రాసేసుకుని, ఆ తర్వాత కలం ఆపి తలెత్తి చూసేవాడు, ఇప్పుడు చెప్పు అన్నట్టు. ఆ చూపు కోసమే జనం వెళ్ళేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. మా రాత తరగతిలో మొదటిరోజు నేను చేయించే పని కూడా అదే, పక్కవాళ్ళు చెప్తే వాళ్ళ ఉత్తరం మీరు రాయండి అని. కమ్యూనిటీ ఆర్ట్స్ అనగానే గ్రాంటు, బ్యానరు, వర్క్‌షాపు మన కళ్ళముందు మెదులుతాయి. సిగరెట్టుకి ఉత్తరం రాసిపెట్టడాన్ని ఆ ఖాతాలో వెయ్యడానికి మీ గైడు గారికి అభ్యంతరం ఏముంటుందో నాకు తెలీదు.

ఇంకొకటి. క్యూబాలో ఉన్న రోజుల్లోనే ఆబ్రేయు అనే ముగ్గురు అన్నదమ్ములతో కలిసి లెనిన్ పార్కులో చాటుగా చదువుకునే గుంపు ఒకటుండేది. రాసింది తెచ్చుకుని గట్టిగా చదివి వినిపించుకోవడం. ‘ఆహ్, ల మరేయా’ అని టైపు కొట్టిన పత్రిక కూడా నడిపారు, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ప్రతులు. ఇది గుర్తుపెట్టుకోండి, దీని పెద్దన్న న్యూయార్కులో పుడతాడు.

1980 ఏప్రిల్లో హవానాలోని పెరూ రాయబార కార్యాలయంలోకి పదివేలమందికి పైగా జనం చొరబడి, మమ్మల్ని పోనివ్వండి అన్నారు. ప్రభుత్వం కోపంతో మారియెల్ రేవు తెరిచింది. ఆ ఏడాది శరత్కాలం లోపల సుమారు లక్షా పాతికవేలమంది పడవలెక్కి ఫ్లోరిడా చేరారు. వెళ్ళేవాళ్ళని అక్కడి పత్రికలూ ఉపన్యాసాలూ ‘ఎస్కోరియా’ అన్నాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని మురికి, తెట్టు అని అనువదిస్తారు గానీ, అసలు అర్థానికి మన ‘చిట్టెం’ అతికినట్టు సరిపోతుంది, కొలిమిలో ఇనుము తీసుకున్నాక అడుగున మిగిలే ఇనుపచిట్టెం. అటువంటివాళ్ళలో స్వలింగ ప్రేమికులు కూడా ఉన్నారు కనుక వాళ్ళకి తలుపు తెరిచారు. ఆరేనాస్ పోలీసు స్టేషనుకెళ్ళి నేను అలాంటివాణ్ణే అని ఒప్పుకున్నాడు. పడకలో నీ పాత్ర ఏమిటని అడిగారు, ఎదురుగా నడిచి చూపించమన్నారు. నడిచాడు. పాసయ్యాడు. రచయితగా గుర్తుపడితే ఆపేస్తారు, కాబట్టి పాస్‌పోర్టులో ఇంటిపేరులో ‘ఆరేనాస్’ని ‘ఆరీనాస్’ చేశాడు. రేవులో జాబితా వెతికినవాళ్ళకి ఆ పేరు తగల్లేదు. ఒక్క అక్షరం తేడాతో బయటపడ్డాడు.

ఇటువైపు చట్టం ఏమిటో కూడా మీరు రాయాలి, లేకపోతే కథ ‘చెడ్డ క్యూబా, మంచి అమెరికా’ అయిపోతుంది. 1952 వలస చట్టం కింద స్వలింగ సంపర్కుల్ని అమెరికాలోకి రానివ్వకూడదు, 1967లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అంటే హవానాలో ‘అవును’ అంటేనే బయటికి, ఫ్లోరిడాలో ‘అవును’ అంటే లోపలికి రానివ్వకూడదు. 1980 సెప్టెంబరులో న్యాయశాఖ ఒక సర్దుబాటు చేసింది, అధికారులు తమంతట అడగరు, మనిషే నోరు తెరిచి చెప్పుకుంటే తప్ప. చట్టంలోంచి ఆ నిషేధాన్ని తీసేసే బిల్లు మీద అధ్యక్షుడి సంతకం 1990 నవంబరు 29న పడింది. ఆరేనాస్ డిసెంబరు 7న చనిపోయాడు. ఎనిమిది రోజులు.

మయామీలో ఆయనకి ఊపిరాడలేదు. అక్కడ ముందే స్థిరపడిన క్యూబన్లకే ఈ కొత్తగా వచ్చినవాళ్ళంటే చులకన, ‘మారియెలీతో’ అన్నది తిట్టుగా వాడేవాళ్ళు. కొన్ని నెలలు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పి న్యూయార్కు చేరాడు. 44వ వీధిలో, హెల్స్ కిచెన్ పేటలో లిఫ్టు లేని ఇల్లు.

1983 వసంతంలో ‘మారియెల్’ పత్రిక వచ్చింది. పేరు చూశారా, తిట్టునే అట్టమీద అచ్చు వేసుకున్నారు. ఆరేనాస్‌తో పాటు హువాన్ ఆబ్రేయు, పార్కు గుంపులోని అన్నదమ్ముల్లో ఒకడు, రెయ్‌నాల్డో గార్సియా రామోస్ సంపాదకులు. కార్లోస్ విక్టోరియా, రొబెర్తో వలేరో వంటి వాళ్ళు చుట్టూ ఉన్నారు. డబ్బు జేబుల్లోంచి. 1985 దాకా ఎనిమిది సంచికలు వచ్చి ఆగిపోయింది. మన చిన్నపత్రికల ఆయుర్దాయం తెలిసినవాళ్ళకి ఎనిమిది అంటే తక్కువేం కాదని తెలుస్తుంది.

మా లైబ్రరీకి రోజూ పదకొండింటికి వచ్చి పేపర్లు చదివే ఒక పెద్దాయన, పేరు చెప్పను, 1980 పడవల్లో వచ్చినవాడే, ఒకరోజు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక సంచిక తెచ్చాడు. వార్తాపత్రిక సైజు, పసుపెక్కి మడతల దగ్గర చిరిగిన కాగితం. “ఇందులో నేను రాయలేదు. కట్టలు మోశాను” అన్నాడు. మోసినందుకే అంత భద్రంగా దాచుకున్నాడు. నేను కాపీ తీస్తానంటే మిషను వెలుతురు తగిలితే పాడవుతుందని ఇవ్వలేదు, అక్కడే కూర్చుని చదవమన్నాడు. చదివాను.

ఆ పత్రికలో రెండు పనులు జరిగాయి. ఒకటి, క్యూబాలో అచ్చు దొరకని కొత్తవాళ్ళకి చోటు. రెండు, సొంత దేశంలో నోరు నొక్కేసిన పెద్ద రచయితల్ని తెచ్చి ముందు కూర్చోబెట్టడం: లెసామా లీమా, విర్హీలియో పిన్యేరా. ఈ ఇద్దరూ ఆరేనాస్‌కి గురువులు, ఇద్దరూ మగవాళ్ళని ప్రేమించినవాళ్ళు, ఇద్దరూ బతికుండగానే సొంత దేశంలో కనుమరుగు చెయ్యబడినవాళ్ళు. 1984లో వచ్చిన అయిదో సంచికలో క్యూబాలో స్వలింగ సంపర్కుల పరిస్థితి మీద చర్చ పెట్టారు. ఇలాంటివాళ్ళని కూడా పట్టుకెళ్ళి పెట్టిన, 1965 నుంచి మూడేళ్ళు నడిచిన శ్రమ శిబిరాల గురించి స్పానిష్‌లో ఒక ప్రవాస పత్రిక ఇంత బాహాటంగా మాట్లాడటం ఎంత కష్టమో ఊహించండి. వామపక్షం వాళ్ళకి క్యూబాని తప్పుపట్టడం ఇష్టం లేదు, మితవాద క్యూబన్లకి ‘ఆ విషయం’ ఇష్టం లేదు. రెండువైపులా తలుపులు మూసుకున్న చోట వీళ్ళు తమ గది తామే కట్టుకున్నారు. మీ వ్యాసానికి నడుం ఇదేనని నా ఉద్దేశం. ఆత్మకథని ఒక అధ్యాయంగా పెట్టండి, పత్రికని రెండు అధ్యాయాలు చెయ్యండి.

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒక మాట. చే గువేరా బొమ్మ గోడమీద పెట్టుకుని పెరిగిన తరం మాది. మా అన్నయ్య గదిలో ఇప్పటికీ ఉంది. మొదటిసారి ఆరేనాస్ చదివినప్పుడు సగంలో మూసేశాను, ఇదంతా అమెరికావాళ్ళ ప్రచారం అనుకుని. మళ్ళీ తెరవడానికి రెండేళ్ళు పట్టింది. మీ వైవాలో కూడా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు, సిద్ధంగా ఉండండి. ఆయన క్యూబాని తిట్టినంత గట్టిగానే అమెరికాలో డబ్బుకి ఉన్న పెత్తనాన్నీ తిట్టాడని చూపించండి. దానికి ‘ద్వారపాలకుడు’ నవల, స్పానిష్‌లో ‘ఎల్ పోర్తేరో’, సరిపోతుంది. మన్‌హాటన్‌లో డబ్బున్నవాళ్ళ అపార్ట్‌మెంటు తలుపు తీసి వేసే క్యూబా కుర్రాడి కథ. వాడికి ఆ తలుపు కాకుండా వాళ్ళకి ఇంకేదో తలుపు చూపించాలని తపన, వాళ్ళకి వినే తీరిక లేదు. ప్రవాసం మీద ఆయన రాసినవాటిలో నాకు ఇదే ఇష్టం. ఆత్మకథ కన్నా కూడా.

1987లో ఎయిడ్స్ అని తేలింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి గోడమీది పిన్యేరా ఫోటో ముందు నిలబడి, నా పని పూర్తిచేసుకోడానికి మూడేళ్ళు ఇప్పించు అని అడిగానని ఆయనే రాసుకున్నాడు. దేవుణ్ణి కాదు, 1979లో చనిపోయిన గురువుని. కూర్చుని రాసే ఓపిక లేక ఆత్మకథని క్యాసెట్లలోకి చెప్తే స్నేహితుడు టైపు చేశాడు. సెలెస్తీనో నవలతో మొదలైన అయిదు నవలల వరసని పూర్తిచేశాడు. పనంతా అయ్యాక తన చేతులతోనే జీవితం ముగించుకున్నాడు. ఆత్మకథ 1992లో వచ్చింది, సినిమా 2000లో. చనిపోయే ముందు రాసిపెట్టిన చివరి ఉత్తరాన్ని పట్టుకుని పేజీలు పేజీలు రాయకండి. అందరూ రాసేశారు.

గైడు గారు ఇంకా ఒప్పుకోకపోతే ఆరేనాస్ పక్కన ఇంకొక పుస్తకం పెట్టండి. అదే 1980లో అవే పడవల్లో వచ్చిన ఆదేలా వాస్కెస్ అనే ట్రాన్స్ మహిళ జీవితం. ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పానిష్ మాట్లాడే క్వీర్ జనం మధ్య ఎయిడ్స్ నివారణ పనిచేసిన కార్యకర్త. ఆవిడ చెప్తుంటే హైమే కోర్తేస్ అనే చిత్రకారుడు, రచయిత విని, బొమ్మల నవలగా గీశాడు. ‘సెక్సైల్’ దాని పేరు, 2004లో వచ్చింది. ఒకవైపు నుంచి ఇంగ్లీషు, ఇంకోవైపు నుంచి స్పానిష్. ఎయిడ్స్ సంస్థలు అచ్చువేసి ఉచితంగా పంచాయి. కోర్తేస్ కాలిఫోర్నియాలో పుట్టినవాడు, వలసవచ్చింది కథ చెప్పినావిడ. ఒకరు చెప్తే ఒకరు రాయడం, ఎల్ మోర్రోలో జరిగిందే మళ్ళీ. రెంటినీ పక్కపక్కన పెడితే మీ వాదన దానంతటదే నడుస్తుంది. ఈ కాలం దాకా రావాలంటే 2015లో ‘అన్‌డాక్యుపోయెట్స్’ అనే, వలస కాగితాలు లేని యువకవుల పిలుపు ఒకటుంది, మొదటి పుస్తకాల పోటీలకి పౌరసత్వం అడగడం మానండి అని. కొన్ని ప్రచురణ సంస్థలు నిబంధన మార్చుకున్నాయి. అది ఒక పేరాలో చెప్పి వదిలెయ్యండి, లేకపోతే అంశం చేతులు దాటిపోతుంది.

ఇక ‘లాటినో’ అన్న మాట. అది అమెరికాలో అతికించే చీటీ. ఆరేనాస్‌ని అడిగితే ప్రవాసిని, క్యూబా రచయితని అనేవాడు. మొదటి అధ్యాయంలోనే ఈ సంగతి ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ పట్టుకోలేరు.

మాటల విషయానికొద్దాం. క్యూబాలో ఇలాంటి మగవాళ్ళని ‘పాహరో’ అంటారు, అంటే పిట్ట. ‘లోకా’ అంటారు, పిచ్చిది అని స్త్రీలింగంలో. ఆరేనాస్ ఈ లోకాల్లో నాలుగు రకాలున్నాయని పెద్ద శాస్త్రంలా వర్గీకరించి నవ్విస్తాడు. ఈ నవ్వు పోకూడదు. మీరు ‘స్వలింగ సంపర్కుడు’ అని పెట్టారో, వైద్యుడి చీటీ చదివినట్టుంటుంది. మన వీధిలో ఉన్న మాట ‘తేడా’. “వాడు తేడారా” అంటే ఎవరికైనా తెలుస్తుంది. పోలీసువాళ్ళ నోట, ఇరుగుపొరుగు నోట వచ్చినప్పుడు నేనైతే నిస్సంకోచంగా ‘తేడా’ వాడతాను. స్నేహితులు ఒకర్నొకరు వేళాకోళంగా పిలుచుకునేటప్పుడు ‘పిట్ట’ని అలాగే ఉంచి, మొదటిసారి ఒక్క వాక్యంలో వివరిస్తాను. రచయిత తన గొంతుతో గంభీరంగా మాట్లాడేచోట ‘క్వీర్’ అని రాసెయ్యండి, చదివేవాళ్ళకి తెలుసు. ‘కొజ్జా’ మాత్రం వద్దు, అది వేరే మనుషుల మీద విసిరే రాయి. పి. సత్యవతి గారు రేవతి ఆత్మకథని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి కూడా వచ్చింది. తెలుగు వాక్యం ఇలాంటి జీవితాన్ని ఎక్కడా చేతికి తొడుగు వేసుకోకుండా ఎలా పట్టుకోగలదో చూడ్డానికి ముందది చదవండి.

ఒక హెచ్చరిక, సొంత అనుభవం. ఆరేనాస్ మీద నేను రాసిన చిన్న వ్యాసాన్ని ఒక పత్రిక వేసుకుంది. అచ్చులో చూసుకుంటే నేను ‘ప్రియుడు’ అని రాసిన నాలుగు చోట్లా ‘స్నేహితుడు’ అయింది. ఫోన్ చేస్తే సంపాదకుడు గారు “ఇంటిల్లిపాదీ చదివే పత్రికండీ” అన్నారు. ‘ప్రూఫులు నేనే చూసుకుంటాను’ అని ముందే రాసివ్వండి.

చదివే వరస: ‘ఎల్ పోర్తేరో’, తర్వాత సెలెస్తీనో నవల, ఆ తర్వాత ఆత్మకథ మొదటి నుంచి మళ్ళీ. ఇంగ్లీషులో ఆత్మకథ డోలొరెస్ కోచ్ అనువాదం, అయిదు నవలల వరస ఆండ్రూ హర్లీ అనువాదం. ఆయన రాతప్రతులు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడి సిబ్బందికి ముందుగా మెయిలు పెట్టి, ఏయే పెట్టెలు కావాలో జాబితా చూసి నిర్దిష్టంగా అడగండి. “ఆరేనాస్ గురించి ఉన్నదంతా” అని అడిగే ఉత్తరాలకి జవాబు ఎంత ఆలస్యంగా వెళ్తుందో కౌంటరుకి ఇవతల కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. ‘మారియెల్’ సంచికల కోసం మీ విశ్వవిద్యాలయ లైబ్రరీ ద్వారా అంతర్ గ్రంథాలయ అభ్యర్థన పెట్టించండి. మీ స్పానిష్ అంతంతమాత్రమే అన్నారు కదా, అయిదో సంచిక స్కాన్ చేతికొస్తే ఇక్కడ చెప్పండి, శని ఆదివారాలు కూర్చుని కలిసి చదువుదాం.